కొమురయ్య సెల్యూట్

మాదాపూర్ గుట్టల్లో కొత్త కంప్యూటర్ ఆఫీసుల కోసం బండ పేల్చినప్పుడల్లా, అక్కడి గేటు దగ్గర కాపలా ఉండే మాజీ జవాను కొమురయ్య నేలకు అతుక్కుపోతాడు. శ్రీలంకలో పక్కనే మందుపాతర పేలిన నాటి నుంచీ అంతే. ఆ మనసు జబ్బుకు డాక్టర్ల బోర్డు పది శాతమని రాసింది. ఇరవై ఉంటేనే వైకల్య పింఛను. అప్పీలుకు పిలుపొచ్చిన పొద్దున అతను గడ్డం నున్నగా గీసుకుని, ఆకాశం కనబడేదాకా బూట్లు తోమాడు. "పెండ్లికి పోతున్నవా? జర బీమారున్నోని లెక్క పోరాదా!" అంది భార్య బాలమ్మ. "గడ్డంతోని ఆఫీసర్ల ముంగట నిలబడ్తరానే?" అన్నాడు.

అప్పీలు బోర్డులోని ముగ్గురు పెద్దలు ఫైలు కన్నా ముందు బూట్లు చూశారు. ఎలా ఉన్నావని అడగ్గానే అతని మడమలు టక్కున కలిశాయి, చెయ్యి నుదుటికి లేచింది. "బిల్కుల్ ఠీక్, సాబ్!" ఇరవై ఏళ్ల మిలటరీ కొలువు ఆ గొంతుకు నేర్పిన జవాబు అదొక్కటే. "ఇంత చక్కటి సెల్యూట్ కొట్టేవాడికి జబ్బేమిటయ్యా?" అని ఆ మహాజ్ఞానులు నవ్వుకుని అప్పీలు కొట్టేశారు. మర్నాడు మళ్లీ బండ పేలింది. దుమ్ములో బోర్లా పడి వణుకుతున్న మొగుడి పక్కన, సద్ది తెచ్చిన బాలమ్మ కూలబడింది. "ఏందయ్యా, ఇప్పుడు కొట్టు నీ సాబులకు సెల్యూట్," అంటూనే, రెండో బండ పేలేలోగా అతని చెవుల మీద తన అరచేతులు కప్పింది.