పందెం కుక్కతో ధర్మవరం దాకా

ఉదయం ఏడింటికి హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్ ముందు నిలబడి నేనొక కుక్కను బతిమాలుతున్నాను. దాని పేరు బుల్లెట్. ముధోళ్ జాతి. సన్నటి నడుము, పొడవాటి మూతి, ఒంట్లో సగం కాళ్లే. కర్ణాటక సరిహద్దు పల్లెల్లో, జాతరప్పుడు జరిగే కుక్కల పందేల్లో దీన్ని కొట్టేది లేదని పేరు. కిందటేడు ముందుకాలి నరం దెబ్బతిని పందేలు మానేసింది. అలా మానేసిన కుక్కలకు ఇళ్లు వెతకడం, మందుల షాపు నడుపుకునే నాకు ఎప్పుడంటుకుందో తెలియని పిచ్చి. మా ఆయన దీన్ని నా పెళ్లిళ్ల పేరయ్య వ్యాపారం అంటారు.

బుల్లెట్‌కిది మూడో సంబంధం, ధర్మవరం అవతలుండే ఎస్తేరమ్మతో. మొదటి రెండిళ్లలోనూ తాడు విప్పిన రోజే పారిపోయింది. దీని యజమాని గుడిబండ గంగప్పన్న ఇప్పుడు బోర్లు వేసే బండి మీద పనికి కుదిరాడు. నెలలో సగం రోజులు ఊళ్లో ఉండడు. ఈసారీ కుదరకపోతే కుందేళ్ల వేటకు తిరిగే ఒకతనికి ఇచ్చేయాల్సిందే. ఆ కాలితో గుట్టల్లో రాళ్ల మీద పరుగెడితే బుల్లెట్ ఎన్నాళ్లుంటుందో మా ఇద్దరికీ తెలుసు.

కుక్కతో ప్రయాణం పెట్టుకునేవాళ్లకు ఒక మాట. కండక్టర్లు బస్సెక్కనివ్వరు. రైల్లో గార్డు పెట్టెలో వేయాలి, ఇది ఒంటరిగా ఉంటే ఊరంతా వినిపించేలా ఏడుస్తుంది. అందుకే నేను పట్టుగూళ్ల బండ్లను నమ్ముకుంటాను. ధర్మవరం వైపు నుంచి వచ్చినవి గూళ్లు దించేసి పొద్దున్నే ఖాళీగా వెనక్కి పోతాయి. డీజిల్‌కి రెండు వందలిస్తానంటే నరేష్ అనే డ్రైవరు ఒప్పుకున్నాడు.

"కరుస్తాదా అక్కా?"

"నువ్వు కరవకపోతే అదీ కరవదబ్బా."

తీరా చూస్తే బుల్లెట్ బండెక్కనంటుంది. కుక్కను అప్పగించి గుడిబండ బస్సెక్కేద్దామనుకున్న గంగప్పన్న తల గోక్కున్నాడు. "పెనుకొండ దాకా వస్తాలేమ్మా. ఆడ దిగి ఎనక్కి వచ్చేస్తా. వాణ్ని ఇంకొకరికిచ్చేది నా కండ్లతో చూడలేను." అతనెక్కగానే కుక్కగారు కూడా దర్జాగా ఎక్కారు. ఖాళీ క్రేట్ల మధ్య మేము ముగ్గురం, ఎదురుగాలికి దాని చెవులు రెండూ వెనక్కి అంటుకుపోయాయి.

తొమ్మిది దాటాక పెనుకొండలో ఆగి బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిన్నాం. బజ్జీలోని మిరపకాయ నా కళ్లలోంచి బయటికొచ్చింది. గంగప్పన్న చేయి కడుక్కోవడానికి వెళ్తూ తాడు నా చేతికిచ్చాడు. రోడ్డుకు అవతల తోపుడుబండి మీద జామకాయలమ్మే ఆమె తువ్వాలు ఊపుతూ ఈగలు తోలుకుంటోంది. అంతే, నా చేతిలో తాడు లేదు. ఒక లారీ కీచుమని బ్రేకు వేసింది. చూస్తే బుల్లెట్ క్షేమంగా ఆ తోపుడుబండి ముందు కూర్చుని, నాలుక వేలాడేసి ఆమె మొహంలోకే చూస్తోంది.

"ఓ యమ్మో! ఎవురిదప్పా ఈ కుక్క! నా కాయలు తింటాది!"

గంగప్పన్న పగలబడి నవ్వుతూ వెళ్లి, జేబులోంచి ఉడికించిన గుడ్డు తీసి దాని నోట్లో పెట్టాడు. "పారిపోలేదమ్మా, పందెం పరిగెత్తినాడు. పందెంలో నేను ఆ కొసన నిలబడి తువ్వాలు ఊపుతా. ఈ కొసన ఎవురో ఒకరు వీణ్ని పట్టుకోనుంటారు. ఇడిస్తే నా కాడికొచ్చి గుడ్డు తింటాడు. వానికి తెలిసింది అంతే."

అప్పుడు వెలిగింది నాకు. ఆ రెండిళ్లలోనూ తాడు పట్టుకున్నవాళ్లు దానికి పరాయివాళ్లు. యజమాని ఎక్కడో ముందు నిలబడి ఉన్నాడనుకుంది, తాడు విప్పగానే అతణ్ని వెతుక్కుంటూ పోయింది.

"అన్నా, ఈసారి నువ్వు పట్టుకోవాలి. తువ్వాలు ఎస్తేరమ్మ ఊపాలి" అన్నాను.

"నా కుక్కను నేనెప్పుడూ పట్టుకోలేదమ్మా. పిలిచేదే నా పని" అన్నాడతను. హిందూపురం బస్సు వచ్చింది, ఆగింది, వెళ్లిపోయింది. అతను దానివైపు చూసి, మళ్లీ మా బండే ఎక్కాడు.

ఎస్తేరమ్మ అంగన్‌వాడీ టీచరు. ధర్మవరం దాటి బత్తలపల్లి రోడ్డులో ఇల్లు. పోయినేడు తన కుక్క చనిపోయినప్పటి నుంచి నాకు ఫోన్లు చేస్తూనే ఉంది. ఇంటి ముందు బండి దిగి సంగతంతా చెబితే కంగారుపడింది. "నన్ను దాటుకోని పోతే ఎట్లక్కా?" గంగప్పన్న భుజం మీది తువ్వాలు, ఇంకో గుడ్డు ఆమె చేతిలో పెట్టాడు.

వేరుశనగ పీకేసిన చేను ఇంటి పక్కనే ఉంది. ఆమె ఆ కొసకు వెళ్లి నిలబడింది. గంగప్పన్న మోకాళ్ల మీద కూర్చుని బుల్లెట్‌ను రెండు చేతులా పొదివి పట్టుకున్నాడు. అది తలెత్తి అతని మొహంలోకి చూసింది. నువ్విక్కడున్నావేమిటన్నట్టుంది ఆ చూపు. "ఆ పక్క చూడరా" అన్నాడతను.

"బుల్లెట్! రారా నాయనా!" చర్చిలో పాట ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది ఎస్తేరమ్మ. తువ్వాలు గాల్లోకి లేచింది. అతను కళ్లు మూసుకుని చేతులు వదిలాడు.

కుంటికాలు ఎటుపోయిందో! మట్టి లేచింది, మరుక్షణం అది ఆమె ముందు కూర్చుని ఉంది. గుడ్డు తిని, ఆమె పొట్టకు తల ఆనించింది. ఆమె నవ్వుతోంది, ఏడుస్తోంది. నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను.

మధ్యాహ్నం సంగటి, ఊరుబిండి పచ్చడి పెట్టింది. భయంభయంగా తాడు విప్పేశాం. బుల్లెట్ గేటువైపు కూడా చూడలేదు. ఎస్తేరమ్మ వంటింట్లోకి పోతే వంటింట్లోకి, పెరట్లోకి పోతే పెరట్లోకి తిరిగింది. చివరికి ఆమె కాళ్ల దగ్గర పడుకుని గురక పెట్టింది.

సాయంత్రం ధర్మవరం స్టేషన్లో రైలెక్కాం. కిటికీ దగ్గర సీటు దొరికింది. ఎదురు సీట్లో చీరల మూటతో ఉన్న ఒకావిడ గంగప్పన్న చేతిలోని తాడు చూసి, "తాడు ఉండాది, ఆవు యాడప్పా?" అంది.

"ఆవు కాదులేమ్మా, కుక్క. పందెం గెలిచినాడు."

"మరి యాడ?"

"గెలిచిన కాడనే ఉండాడు."

ఎన్నో కుక్కలను ఎన్నో ఇళ్లకు చేర్చాను. తిరుగు ప్రయాణంలో ఇంత తేలిగ్గా ఎప్పుడూ లేను. ఒక్కటే గుబులు, గంగప్పన్న తువ్వాలు లేని భుజాన్ని తడుముకుంటున్నాడు. పెనుకొండ దాటాక ఉన్నట్టుండి అడిగాడు.

"నేను ఇడిసినాక ఎనక్కి తిరిగి చూసినాడామ్మా?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను. "లేదన్నా."

పెట్టెంతా వినపడేలా నవ్వాడతను. "చూడడు! ఎనక్కి చూసే కుక్క ఓడిపోతాదని నేనే కదా నేర్పించింది!"