కరెంటు పోయిన క్రిస్మస్

రాజారావు జాగ్రత్తపరుడని అమెరికాలోని బాతెల్ ఊళ్లో తెలుగు చర్చివాళ్లందరికీ తెలుసు. పిల్లలను కారెక్కించాక బెల్టులు సరిగ్గా పడ్డాయో లేదో రెండేసిసార్లు లాగి చూసేవాడు. మందుల కంపెనీ ల్యాబ్‌లో పదకొండేళ్లుగా పనిచేస్తూ ఒక్క గాజు గొట్టం పగలగొట్టి ఎరగడు. అలాంటి మనిషి చేతుల మీదుగా ఆ పని జరిగిందంటే మొదట ఎవరూ నమ్మలేదు.

మూడేళ్ల కిందట, క్రిస్మస్ ముందురోజు సాయంత్రం పెద్ద గాలివాన వచ్చి చెట్లు విరిగి తీగల మీద పడ్డాయి. ఊళ్లో సగానికి పైగా కరెంటు పోయింది. రాజారావు భార్య స్పందన నర్సు. ఉన్న ఒక్క కారూ తీసుకుని అప్పటికే నైట్ డ్యూటీకి వెళ్లిపోయింది. పొద్దున ఎనిమిదింటికల్లా రావలసిన మనిషి ఫోన్ చేసింది.

"నా తర్వాత రావలసినావిడ, రోడ్డు మూసేయడంతో ఇంట్లోనే ఇరుక్కుపోయిందండి. మధ్యాహ్నం దాటుతుందేమో. పిల్లలెలా ఉన్నారు?"

"బానే ఉన్నారు. నువ్వొచ్చాకే గిఫ్టులు ఓపెన్ చేద్దామంటే వినట్లేదు."

"చేసేయనివ్వండి, పాపం. వీడియో తీసి పెట్టండి."

ఏడేళ్ల అనిక, నాలుగేళ్ల మానవ్ దుప్పట్లు కప్పుకుని క్రిస్మస్ చెట్టు కిందే కూర్చుని కాగితాలు చింపారు. దీపాలు వెలగని ఆ చెట్టు పక్కన మానవ్ తన కొత్త రైలింజను పట్టుకుని, సండే స్కూల్లో నేర్పిన పాట రెండు చరణాలూ పాడాడు. అదంతా రాజారావు వీడియో తీశాడు.

పదిగంటలకు ఇల్లు మంచుగడ్డలా అయిపోయింది. హీటరు కరెంటుతో నడిచేదే. మాట్లాడితే నోట్లోంచి ఆవిరి వస్తోంది. స్నేహితుల ఇళ్లలోనూ కరెంటు లేదు. మానవ్ చేతులు పట్టుకుని చూస్తే చల్లగా ఉన్నాయి. అప్పుడు అతనికి తెనాలిలో తన తల్లి గుర్తొచ్చింది. చెల్లెలు పుట్టినప్పుడు బాలింత మంచం కింద నిప్పుల కుంపటి పెట్టుకుని ఆవిడ నెలరోజులు గడిపింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ పెంకుటింట్లో గాలి నాలుగు వైపులా ఆడేదని, ఈ ఇంటి కిటికీలు చలి దూరకుండా బిగించినవని అతనికి తోచలేదు.

పెరట్లోని బార్బిక్యూ గ్రిల్లులో బొగ్గులు రాజేసి, పొగ పూర్తిగా పోయేదాకా బయటే ఉంచాడు. ఎర్రగా కణకణలాడాక హాల్లోకి తెచ్చి పెట్టాడు. పిల్లలు చేతులు చాపి నవ్వారు. రాత్రి మసాలా పట్టించి ఉంచిన కోడిముక్కలు దానిమీదే కాల్చి పెట్టాడు. ఇల్లు వెచ్చబడింది.

కాసేపటికి అనిక, "డాడీ, నా హెడ్ హర్ట్ అవుతోంది," అంది.

"పొద్దుట్నుంచీ చాక్లెట్లే తిన్నావు కదమ్మా. కాసేపు పడుకో."

మానవ్ అప్పటికే సోఫాలో నిద్రపోయాడు. రాజారావుకూ తల బరువెక్కి కళ్లు మూతలు పడుతున్నాయి. రాత్రంతా గాలికి సరిగ్గా నిద్ర లేదు కదా అనుకుని, నేలమీదే ఒరిగాడు.

స్పందన ఒంటిగంటన్నరకు తాళం తీసుకుని లోపలికొచ్చింది. ఆసుపత్రి పేరున్న కోటు ఇంకా ఒంటిమీదే ఉంది. గ్రిల్లును చూడగానే ఆమెకు అంతా అర్థమైపోయింది. మానవ్‌ను ఎత్తుకుని తడిగడ్డి మీదికి పరుగెత్తింది. తిరిగొచ్చి అనికను లాక్కెళ్లింది. తర్వాత మొగుడి చొక్కా పట్టుకుని కుదిపింది. "లేవండి. లేచి బయటికి రండి." అతను వాంతి చేసుకుంటూ గుమ్మందాకా పాక్కుంటూ వచ్చాడు. గడ్డిమీద ఆమె మానవ్ నోట్లోకి గాలి ఊదుతోంది.

స్పందన ఫోన్ చేస్తే వచ్చిన అగ్నిమాపకదళం మనిషి ఒకడు, పొగనూ బొగ్గుల నుంచి వచ్చే విషవాయువునూ పసిగట్టే అలారం ఎక్కడని అడిగాడు. వంట చేసినప్పుడల్లా కూస్తోందని రాజారావే నవంబరులో దాని బ్యాటరీ పీకి సొరుగులో పడేశాడు. ఆ మాట అతను స్పందన ముందే చెప్పాడు.

అనిక రెండు రోజుల్లో లేచి తిరిగింది. మానవ్‌ను ఒత్తిడి పెంచి ఆక్సిజన్ ఎక్కించే గదిలో మూడుసార్లు ఉంచారు. బతికాడు. ఇంటికొచ్చిన మూడు వారాలకు నడక తూలడం మొదలైంది. మాట ముద్దయింది. చెంచా పట్టుకోవడం మరిచిపోయాడు. ఇలా ఆలస్యంగా బయటపడడం కూడా ఉంటుందని, ఎంతవరకు తిరిగొస్తుందో చెప్పలేమని డాక్టరు అన్నాడు. పిల్లల సంక్షేమం చూసే ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చి విచారించింది. "ఆయన కావాలని చేసింది కాదు," అని స్పందన ఆవిడతో చెప్పింది. అదే మాట భర్తతో మాత్రం ఎన్నడూ అనలేదు.

ఈస్టరు ముందు పాస్టరుగారు ఫోన్ చేశారు. "దేవుడు మీ పిల్లల్ని మృత్యువు నుంచి తప్పించాడు. ఆదివారం సాక్ష్యం చెప్పండి బ్రదర్."

రాజారావు కాదనలేక మైకు ముందు నిలబడ్డాడు. కృతజ్ఞత చెప్పాలని రాసుకొచ్చిన కాగితం తీయలేదు. "బొగ్గులు ఇంట్లోకి తేవద్దు. ఇంటికెళ్లగానే అలారంలో బ్యాటరీ ఉందో లేదో చూసుకోండి. నేను తీసేశాను," అని దిగిపోయాడు. 'ఆమెన్' అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. ఆరోజు మధ్యాహ్నం ఇద్దరు మాత్రం అతనికి ఫోన్ చేసి, తమ ఇళ్లలోనూ బ్యాటరీ లేదని చెప్పారు.

ఇప్పుడు మానవ్‌కు ఏడేళ్లు. గోడ పట్టుకుని నడుస్తాడు. ప్రత్యేకమైన క్లాసుకు వెళ్తాడు. పాటలు ఇష్టమే, పాడలేడు. తమ్ముడి చొక్కాకు గుండీలు అనికే పెడుతుంది.

మొన్న డిసెంబరులో ఆసుపత్రివాళ్లు పండుగ డ్యూటీల పట్టిక పంపితే స్పందన క్రిస్మస్ రోజు రాలేనని రాసి పంపింది. ఈ మూడేళ్లలో, పిల్లలు ఇంట్లో తండ్రితో ఒంటరిగా ఉండే ఏ రోజూ ఆమె డ్యూటీ ఒప్పుకోలేదు. రాజారావు అది గమనించకపోలేదు.

"నువ్వు వెళ్లొచ్చు కదా. నేను చూసుకుంటాను," అన్నాడు వంటగది గుమ్మంలో నిలబడి.

స్పందన కేకు పిండి కలుపుతూనే ఉంది. "వద్దులెండి," అంది.

అతను హాల్లోకి వెళ్లి, మానవ్ పక్కన కూర్చుని చెట్టుకు దీపాల తీగ చుట్టడం మొదలుపెట్టాడు.