తొమ్మిది ప్రశ్నల ముందు ఒకటి

ఆవిడ ఉద్యోగం ఏమిటంటే, పరాయివాళ్లకు ఫోన్ చేసి విరేచనం ఏ రంగులో అయిందని అడగడం. నవ్వకండి, పదకొండేళ్లుగా అదే పని, ఆ పనంటే ఆవిడకు ప్రాణం. ఆసుపత్రి మూడో అంతస్తులో మందుల పెట్టెల మధ్య ఒక బల్ల, ఒక ఫోను. కడుపులో పుండు నుంచి రక్తం పోయి బతికి బయటపడ్డవాళ్లకు, మళ్లీ అలా కాకుండా ఓ కొత్త మాత్ర ఆపుతుందా లేదా అని అక్కడ పరిశోధన. అందరూ ఆవిడను ఫోనక్క అంటారు. ఇంట్లో మాత్రం అన్నం దగ్గర ఆఫీసు కబుర్లు ఎత్తకూడదని మొగుడి ఆంక్ష.

కాగితం మీద తొమ్మిది ప్రశ్నలు. ఉన్నది ఉన్నట్టు చదవాలి, ఒక్క మాట కలపకూడదు. తలా ఒక రకంగా అడిగితే జవాబులు పరిశోధనకు పనికిరావని పెద్ద డాక్టరుగారి పట్టు.

ఒకరోజు ఓ ముసలి దర్జీ వంతు వచ్చింది. ఏదడిగినా తీరిగ్గా ఆలోచించి గానీ నోరు విప్పని మనిషి. అలాంటివాడు నాలుగో ప్రశ్న, "విరేచనం నల్లగా, తారులా..." అని పూర్తికాకముందే "లేదమ్మా, లేదు" అనేశాడు. వెనక గిన్నెల చప్పుడు. ఫోనక్కకు అనుమానం వచ్చింది. అలా నల్లగా అవుతోందంటే లోపల మళ్లీ రక్తం కారుతున్నట్టే. ఈయన దాస్తే ప్రాణం మీదికి వస్తుంది.

కాగితం పక్కన పెట్టేసింది.

"బాబాయిగారూ, పక్కన ఎవరున్నారు?"

"మా కోడలమ్మా. స్పీకరు పెట్టింది."

"స్పీకరు తీసేసి, ఒక్కసారి బయటికి రండి."

చెప్పుల చప్పుడు, తలుపు మూసిన చప్పుడు. తర్వాత గొంతు తగ్గించి, "మూడ్రోజుల్నుంచీ నల్లగానే అవుతోందమ్మా. కళ్లు తిరుగుతున్నాయి. కోడలి ముందు ఎలా చెప్పేది?" అన్నాడు.

గంటలో ఆయన్ను ఆసుపత్రికి తీసుకొచ్చారు. నోట్లోంచి కెమెరా గొట్టం వేసి, కారుతున్న చోట క్లిప్పు బిగించారు. గండం గడిచింది.

కాగితంలో లేని ప్రశ్న అడిగినందుకు పెద్ద డాక్టరుగారు ఫోనక్కను చెడామడా తిట్టారు. ఆవిడ తల వంచుకుని వింది గానీ లోలోపల సంబరమే.

"మరి మిగతావాళ్లు లేదన్నవన్నీ నిజమేనంటారా సార్?" అని మాత్రం అడిగింది.

ఆయన కాగితం ముందుకు లాక్కుని నాలుగో ప్రశ్న మళ్లీ చదివారు. అనుమతులన్నీ వచ్చి రెండు నెలలకు కొత్త కాగితం తయారైంది. తొమ్మిదింటికీ పైన ఇంకొకటి: "మీ పక్కన ఎవరైనా ఉన్నారా?"

దర్జీకి ఫోన్ చేసి, ముందు అదే చదివింది.

"మా కోడలుందమ్మా. ఉండనీ," అన్నాడాయన తాపీగా. "రంగు మామూలే. నమ్మకపోతే తననే అడుగు. రోజూ నీకంటే ముందు తనే అడుగుతోంది."