దడకు విరుగుడు దెబ్బలాట

అత్తయ్యకు గుండెదడ వస్తే మాత్ర వేసుకోదు, మంచినీళ్లు తాగదు. చుట్టుపక్కల ఎవరున్నారో చూసుకుని దెబ్బలాటకు దిగుతుంది.

ఈ వైద్యం ఆవిడ సొంతంగా కనిపెట్టింది. మామయ్య పోయిన కొత్తలో, ఉన్నట్టుండి గుండె డప్పులా మోగడం, చేతులు చల్లబడడం, ఊపిరి అందకపోవడం మొదలైంది. ప్రతిసారీ ఇక చచ్చాననే అనుకునేది. డాక్టరు పరీక్షలన్నీ చేయించి, "మీ గుండె గుండ్రాయిలా ఉందమ్మా. ఇది భయం పట్టడం, అంతే. వచ్చినప్పుడు మనసు వేరేదాని మీద పెట్టండి" అన్నాడు.

ఓ రోజు పోస్టాఫీసు వరసలో దడ అందుకుంది. సరిగ్గా అప్పుడే ఎవరో పెద్దమనిషి మధ్యలో దూరాడు. అత్తయ్య అతన్ని ఉతికి ఆరేసింది. అతను తలొంచుకుని వరస చివరికి చేరేసరికి దడ మాయం! మనసు పెట్టడానికి వేరేది దొరికింది.

ఇక చూసుకోండి. కూరగాయలవాడితో, "ఈ టమాటాలు ఇంత ఎర్రగా ఎందుకున్నాయయ్యా?"

"టమాటా ఎర్రగా కాక ఎలా ఉంటుందమ్మా?"

"పైగా ఎదురు చెబుతావా!"

వీధి చివరిదాకా వినిపించేలా వాదించి, చివరికి గుండె మీద చెయ్యి వేసి చూసుకుని, "అమ్మయ్య! నీ పుణ్యమా అని తగ్గింది నాయనా, కిలో తూచు" అనేది. పళ్ల డాక్టరైతే ఆవిడను నోరు తెరవమన్నందుకు ఇప్పటికీ పశ్చాత్తాపపడుతున్నాడు.

"ఆవిడ నోట్లో పడకు తల్లీ" అని కొత్తగా వచ్చిన కోడల్ని ఇరుగుపొరుగు హెచ్చరించారు. చిత్రంగా ఏడాది గడిచినా అత్తయ్య కోడల్ని పల్లెత్తు మాట అనలేదు. కోడలికి అదే బెంగ. 'పరాయిదాన్నని కాబోలు, దెబ్బలాటకు కూడా పనికిరాలేదు' అనుకునేది. ఆ పిల్లకీ అదే దడ ఉంది. ఎవరికీ చెప్పలేదు. వచ్చినప్పుడల్లా బాత్రూంలో దూరి, కుళాయి తిప్పి, తడి తువ్వాలు మెడకు చుట్టుకుని, తగ్గాక నవ్వుతూ బయటకొచ్చేది.

ఓ సాయంత్రం ఇద్దరూ అత్తయ్యకు కళ్లజోడు కొని బస్సులో వస్తుంటే, సొరంగం మధ్యలో బస్సు ఆగిపోయింది. లైట్లు పోయాయి. కోడలి వేళ్లు మొద్దుబారాయి, ఊపిరి అందలేదు. బస్సులో కుళాయి ఎక్కడిది?

అత్తయ్య చీకట్లో కోడలి చెయ్యి తడిమి చూసింది. గొంతు సవరించుకుంది.

"ఏమే, నువ్వు తువ్వాళ్లు మడతపెడతావా, ఉండచుడతావా?"

కోడలు ఉలిక్కిపడింది. "ఏ... ఏమైందత్తయ్యా?"

"అలమర తలుపు తీస్తే మీద పడుతున్నాయి!"

"అవి మడతపెట్టింది మీ అబ్బాయి!"

"నా కొడుకునే అంటావా?"

"అంటాను! తీసిన వస్తువు తీసినచోట పెట్టడం మీ ఇద్దరికీ రాదు. పైగా వంటింట్లో మీరు పాట అందుకుంటే ఎదురింటి కుక్క ఊళపెడుతుంది!"

వెనక సీటు పెద్దాయన, "అమ్మాయి చెప్పింది న్యాయమే" అన్నాడు.

"మా మధ్య మీకేం పని?" అని అత్తాకోడళ్లు ఒక్క గొంతుతో గయ్యిమన్నారు.

బస్సు కదిలింది. వెలుతురు పడేసరికి కోడలికి వేళ్లు తెలుస్తున్నాయి, ఊపిరి ఆడుతోంది. అత్తయ్య నీళ్లసీసా అందించింది.

"తగ్గిందా?"

"మీకెలా తెలుసు?"

"కుళాయి తిప్పి అంతసేపు లోపల ఎవరుంటారే? బయటకొచ్చే ఆ మొహం నేనూ అద్దంలో చూసుకున్నదే. నువ్వే చెబుతావని ఊరుకున్నాను."

"మరి ఇన్నాళ్లూ నాతో ఎందుకు దెబ్బలాడలేదు?"

"దడొస్తేనే కదా దెబ్బలాట! నువ్వు పక్కనుండగా నాకెప్పుడొచ్చింది?"

కోడలు సీసా మూత బిగించింది. "తువ్వాళ్లో?"

"చక్కగానే ఉన్నాయి. ఏదో ఒక వంక కావాలిగా. ఇకమీదట కుళాయి కాదు, నన్ను పిలువు." అత్తయ్య కొత్త కళ్లజోడు సర్దుకుంది. "ఇంతకీ ఆ కుక్క సంగతి నిజమేనా?"

కోడలు కిటికీలోంచి బయటకు చూసింది. "నిజమే అత్తయ్యా."

"పోనీలే, దానికైనా సంగీతం తెలుసు!" అని అత్తయ్య బస్సులోనే గొంతెత్తి పాట అందుకుంది.

న్యాయం చెప్పిన పెద్దాయన తన స్టాపు రాకుండానే దిగిపోయాడు.