వంక పెట్టి కొన్న ట్రైపాడ్

నా చిన్నప్పుడు, ఇంకా పరికిణీలు కట్టే వయసులోనే, రాజమండ్రిలో ఒక ట్రైపాడ్‌ను సగం ధరకు దింపి కొన్నాను. అంత ఘనమైన బేరం మా ఇంట్లో ఎవరూ చేసి ఎరగరు. మాది మండపేటలో కిరాణా కొట్టు. కొనేవాళ్లు సరుకుకి వంక పెట్టడం, మా నాన్న ఒట్టు పెట్టడం, చివరికి ఇద్దరూ మధ్యలో ఎక్కడో కలుసుకోవడం రోజూ చూస్తూ పెరిగినదాన్ని. వంక అనేది ధర తగ్గించడానికే తప్ప నిజంగా ఉండదని, అమ్మేవాడి నోట నిజం రాదని నా గట్టి నమ్మకం.

మా బాబాయి రైసుమిల్లులో గుమాస్తా. ఆదివారం వస్తే మెడలో కెమెరా వేసుకుని కాలవ గట్ల వెంట తిరిగేవాడు. మంచాన పడ్డ మా నాయనమ్మకు ఒక్క ఫొటో కూడా లేదని ఆయన బెంగ. కళ్ల ఆపరేషన్ అయ్యాక ఆవిడ ఫ్లాష్ వెలుగు భరించలేదు, గది దాటి రాలేదు. ఆ మసక గదిలో ఫొటో రావాలంటే షట్టర్ కాసేపు తెరిచి ఉంచాలి, కెమెరా కదలకూడదు. అందుకే ట్రైపాడ్. బేరానికి నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు.

పాత స్టూడియో సామాన్లు అమ్మే ముసలాయన కొట్టు తీస్తుండగానే చేరాం. బోణీ బేరాన్ని ఎవరూ పోనివ్వరని నాకు తెలుసు. కాళ్లు సాగదీసి చూసి, "ఈ కాలు జారుతోందండి" అన్నాను.

"అవునమ్మా, మర అరిగిపోయింది. కెమెరా బరువుకి ఆగదు. కాస్త ఎక్కువైనా ఆ పక్కది తీసుకోండి" అన్నాడాయన.

ఖరీదైనది అంటగట్టే ఎత్తు అనుకున్నాను. పక్కదానివైపు చూడబోయిన బాబాయి చెయ్యి గిల్లాను. "జారే కాలికి అంత ధరేంటండి?" అన్నాను. ఆయన నావైపు జాలిగా చూసి, నేనన్న ధరకే ఇచ్చేశాడు. బస్సులో దారి పొడుగునా బాబాయి నన్ను మెచ్చుకుంటూనే ఉన్నాడు. ఇంటికొచ్చాక అరిగిన చోట కొట్లోని పురికొస చుట్టి బిగించాడు.

మర్నాడు నాయనమ్మకు పట్టుచీర కట్టి, దిండ్లు ఆనించి కూర్చోబెట్టారు. "కదలకే అమ్మా" అని బాబాయి షట్టర్ నొక్కాడు. ఆవిడ కదలలేదు. ట్రైపాడ్ కాలు జారింది. కెమెరా ముందుకు తూలి గచ్చు మీద పడింది. లెన్సు పగిలింది, వెనక మూత ఊడి ఫిల్మ్ బయటికొచ్చింది.

నేను ఏడుపు మొదలుపెట్టేలోపే నాయనమ్మ నవ్వింది. "బాగా చవగ్గా తెచ్చావే. నేనూ చవగ్గానే పోతాన్లే." మళ్లీ ముస్తాబు కావడానికి ఒప్పుకోలేదు. స్టూడియో అతన్ని పిలిస్తే గోడవైపు తిరిగి పడుకుంది. నెల తిరక్కుండా పోయింది.

పెద్దకర్మ నాడు దండ వేయడానికి ఫొటో ఏదని చుట్టాలు అడిగారు. మా నాన్న నా రెక్క పట్టుకుని అందరి మధ్యకీ లాక్కొచ్చాడు. "ఇదిగో, ఈవిడగారిని అడగండి. ధర బాగా తగ్గించింది." అందరూ నవ్వారు. బాబాయి నవ్వలేదు, మా నాన్నకు అడ్డు రానూ లేదు. దండను ఖాళీ పీట మీద పెట్టారు. బాబాయి ఇక కెమెరా జోలికి పోలేదు.

ఇప్పటికీ నేను బేరమాడకుండా కొత్తిమీర కట్టయినా కొనను. కానీ అమ్మేవాడు తన సరుకులోని లోపం తానే చెబితే మాత్రం నోరు మూసుకుని వింటాను.

ఇక లెక్క సరిగ్గా చెప్పుకోవాలంటే, ఆ బేరంలో మిగిలిన డబ్బు బాబాయి నా చేతిలోనే పెట్టాడు. దాంతో ఏం కొనుక్కున్నానో ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు. నాయనమ్మ ముఖం కూడా ఇప్పుడు అంతే.