పక్కకు తీసిన ఫారం

నాకు పేరు తెచ్చిన పరిశోధనలో నిజం చెప్పిన ఫారం ఒక్కటే. దాన్ని లెక్కలోంచి తీసేసింది నేనే.

ఇప్పుడు నేను ఆస్ట్రియాలో ఒక విశ్వవిద్యాలయానికి రెక్టర్‌ని. మన దగ్గర వైస్ ఛాన్సలర్ అంటారే, అలాంటి పదవి. కోస్తా జిల్లాలో పుట్టి సైకాలజీ చదివినవాడు ఆ కుర్చీ దాకా ఎలా వచ్చాడని సభల్లో అడుగుతుంటారు. కష్టపడ్డానని చెబుతుంటాను. అది అబద్ధం కాదు. చెప్పకుండా వదిలేసింది ఖతార్‌లో జరిగింది.

ప్రపంచ కప్ ఫుట్‌బాల్ పోటీల కోసం అక్కడ స్టేడియాలు అప్పుడప్పుడే లేస్తున్నాయి. దోహాలో ఏ రోడ్డు మీదికి వచ్చినా క్రేన్లే కనిపించేవి. నేను డాక్టరేట్ ముగించి ఆస్ట్రియాలో మా ప్రొఫెసర్ గారి దగ్గర తాత్కాలిక ఉద్యోగంలో ఉన్నాను. ఇంటికి దూరంగా ఎండలో పనిచేసే కార్మికుల మనఃస్థితిని కొలిచే ప్రాజెక్టు ఒకటి ఆమెకు దొరికింది. ఒక నిర్మాణ కంపెనీ మమ్మల్ని తన క్యాంపులోకి రానిచ్చింది కానీ, ఒక షరతు పెట్టింది. ప్రశ్నలు అడగవచ్చు, ఎవరి డ్యూటీ విషయంలోనూ తలదూర్చకూడదు. తెలుగు వచ్చినవాణ్ణి కాబట్టి నన్ను పంపారు. ఆ పని సవ్యంగా ముగిస్తే నా ఉద్యోగం పర్మనెంట్ అవుతుంది. చెడితే వీసా కూడా పోతుంది.

దోహా శివారు ముఐథర్‌లో ఒక గదిలో ఉంటూ శుక్రవారాలు క్యాంపుకు వెళ్ళేవాణ్ణి. ప్రశ్నలన్నీ నేనే తెలుగు చేశాను. ఎవరి ఫారం వాళ్ళే విడిగా నింపాలని ప్రతి గదిలోనూ చెప్పేవాణ్ణి, వాళ్ళు తలలూపేవారు. కానీ క్యాంపు పద్ధతి వేరు. ఏ కాగితం వచ్చినా గదిలో ఒకరు పైకి చదువుతారు. ఆయన ఎక్కడ టిక్కు పెడితే మిగతావాళ్ళూ అక్కడే పెడతారు. ఒకడి కాగితం వేరుగా ఉంటే వాణ్ణి ఆఫీసుకు పిలుస్తారని భయం.

ఒక గదిలో అలా చదివేది కాంక్రీటు పోయడానికి షట్టరింగ్ చెక్కలు బిగించే పెద్దాయన. జగిత్యాల వైపు మనిషి, అందరికీ కాకా.

"రాత్రి నిద్ర పడుతుందా అని అడుగుతున్నరు. మస్తుగ పడ్తదని పెట్టుండ్రి."

"నీ గురకకు ఎవ్వనికి పడ్తది కాకా?" అన్నాడు పై మంచం మీద ఒకడు.

"గురక సంగతి అడుగలేదురా ఇండ్ల. పెట్టు. లేకుంటే పిచ్చోడని ఇంటికి తోల్తరు."

గదంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. అక్కడే ఆపి ఫారాలు వెనక్కి తీసుకోవాల్సింది. తీసుకోలేదు. పోగుచేసి తిరగేస్తే, మిగతా గదుల్లో లాగే ఇక్కడా అన్నింటిలోనూ టిక్కులు ఒకే వరుసలో ఉన్నాయి, ఒక్కదానిలో తప్ప.

ఆ ఒక్కటీ నింపినవాడు నా వెంటే గేటు దాకా వచ్చాడు. ఇనుప గొట్టాలు బిగించి ఎత్తున మంచెలు కట్టడం అతని పని.

"సారూ, జర ఆగు. నేను కాకా సదివినట్టు పెట్టలే."

"చూశాను."

"మొన్న నా పక్కపొంటి నేపాలీ జారిండు. బెల్టు ఆపింది, బతికిండు. వాడు మళ్ల మంచిగనే ఎక్కుతున్నడు. నాకే కాళ్లు వణుకుతున్నయి. పైకి పోయినంక పట్టుకున్న పైపు ఇడువ చేతనైత లేదు. కింద నిలవడి సూపర్‌వైజర్ యల్లా, యల్లా, జల్ది కానీ అని ఒర్లుతడు."

"కంపెనీ డాక్టరుకు చెప్పావా?"

"బీపీ సూసి గోలీ ఇచ్చిండు. నువ్వు మనసు డాక్టరువట గద. కింద పని ఇయ్యుండ్రని ఒక్క కాయితం రాయి సారూ. మోస్త, ఊడుస్త, ఏదన్న చేస్త. పైకి మాత్రం వద్దు."

ఆ కాగితం రాసే అర్హత నాకుంది. అర పేజీ పని. రాస్తే కంపెనీ షరతు తప్పినట్టు.

"వచ్చే శుక్రవారం చూద్దాం" అన్నాను.

వచ్చే శుక్రవారం నేను వేరే బ్లాకు పెట్టుకున్నాను. ఆ పై వారం కూడా. అతను నాకోసం గేటు దగ్గర నిలబడి వెళ్ళాడని వాచ్‌మన్ చెప్పాడు. మూడో వారం అతన్ని దూరం నుంచి చూసి, వంటశాల పక్క దారిన బయటపడ్డాను. గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు.

కొన్నాళ్ళకు కాకా చెప్పాడు. "ఆడు ఖల్లివల్లి అయిండు సార్." కంపెనీ వదిలి పారిపోయినవాళ్ళను అక్కడ అలా అంటారు. పైకి ఎక్కనన్నందుకు వార్నింగుల మీద వార్నింగులు ఇచ్చారట. ఒక పొద్దున డ్యూటీ బస్సు ఎక్కలేదు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గరే ఉండిపోయింది. పారిపోయాడని కేసు పెట్టారు.

ఆస్ట్రియాకు తిరిగి వచ్చి లెక్కలు కట్టాను. ఒకరిది చూసి ఒకరు నింపిన ఫారాలు చెల్లవు. మొదటి సంవత్సరం విద్యార్థికి కూడా ఆ సంగతి తెలుసు. అవి తీసేస్తే నా దగ్గర ఏమీ మిగలదు. అందుకని వాటిని ఉంచి అతనిది తీసేశాను. "ఈ ఒక్కరూ ఇలా ఎందుకు నింపారు?" అని ప్రొఫెసర్ గారు అడిగారు. ప్రశ్నలు అర్థం కానట్టున్నాయని చెప్పాను. ఆ గదిలో ప్రశ్నలు అర్థం చేసుకుని జవాబు రాసినవాడు అతనొక్కడే.

కలిసి బతకడం వల్ల ఈ కార్మికులకు గొప్ప మనోబలం వస్తోందని మా వ్యాసం తేల్చింది. అందరికీ నచ్చింది. కంపెనీకి మరీ నచ్చింది. ఉద్యోగం పర్మనెంట్ అయింది, తర్వాత విభాగం నా చేతికి వచ్చింది. పరిశోధనలో నిజాయితీ గురించి పాఠాలు కూడా చెప్పాను. పదవులు పెరిగేకొద్దీ మనుషుల్ని కూర్చోబెట్టి వినే పని తగ్గింది. సైకాలజిస్టుగా నా నమోదు గడువు తీరితే మళ్ళీ చేయించుకోలేదు. రెక్టర్‌కు దానితో పనేముంది అనుకున్నాను.

ఫుట్‌బాల్ పోటీలు ఇక కొద్ది నెలల్లో ఉన్నాయనగా, ఒక ఒప్పందం మీద సంతకం చేయడానికి మళ్ళీ దోహా వెళ్ళాను. కాకా నంబరు ఇంకా పనిచేస్తోంది.

"యాదికి వచ్చినమా సార్?" అన్నాడు. తర్వాత, "ఆడు ఉమ్ సలాల్ దిక్కు తోటల ఉన్నడు" అన్నాడు.

దోహా దాటి ఆ తోటకు ఇద్దరం కారులో వెళ్ళాం. అతను మేకలకు గడ్డి వేస్తున్నాడు. జుట్టు సగం నెరిసింది. నన్ను చూడగానే చేతులు లుంగీకి తుడుచుకుని నీళ్ళు తెచ్చాడు.

"ఆ కేసు తీస్తె ఊరికి పోవచ్చట సారూ. అప్పట్ల నాకు పానం బాగలేదని ఒక్క కాయితం ఉంటె కంపెనీ కేసు వాపస్ తీసుకుంటదని ఒకాయన సెప్పిండు. నేను నీకు సెప్పిన్న లేదా? గదే రాసియ్యి."

"నేనిప్పుడు ఆ పనిలో లేను. డాక్టరుగా రాయడం కుదరదు" అన్నాను.

నిజమే. కానీ సాక్షిగా రాయవచ్చు. అలా రాస్తే అతని ఫారం ఏమైందో చెప్పాలి. చెబితే వ్యాసం పోతుంది, దాని వెనకే కుర్చీ పోతుంది. అదంతా నేను లెక్కవేసుకుంటుండగా అతనే అడిగాడు.

"నా సంగతి మీ బుక్కుల రాసిండ్రా సారూ?"

"రాశాను."

అతని మొహం వెలిగింది. "సూసినవా కాకా! పిచ్చోడంటరని అప్పుడు బుగులు వెడ్తివి. బుక్కుల ఎక్కిన నేను."

అతను మాకు టీ కాచి ఇచ్చాడు. తాగి వచ్చేశాం.

కారులో కాకా కిటికీలోంచి చూస్తూ అన్నాడు. "రాయలే గద సార్."

"లేదు."

"నాకెర్కే. మేమంత ఒక్కతీర్గ అబద్ధం పెడితిమి. ఆడు పెట్టింది రాస్తె ఆ కంపెనోళ్లు మిమ్ముల మళ్ల రానియ్యకపోతుండె." నా వైపు తిరిగి, "ఇప్పుడన్న రాస్తరా?" అన్నాడు.

"రాస్తాను."

ఆస్ట్రియాలో ప్రతి వారాంతం ఆ ఉత్తరానికి కూర్చున్నాను. మొదటి వాక్యంలోనే నేను చేసింది చెప్పాలి. దాని చుట్టూ తిరిగే వాక్యాలు చాలా రాశాను. సెనేట్ సమావేశం ఉందని ఒక వారం, బడ్జెట్ అని ఒక వారం వాయిదా వేశాను. పోటీలు మొదలయ్యాయి, ముగిశాయి. ఆ తర్వాత నెలకు ఉత్తరం పూర్తయింది. అతను అప్పుడు నాతో చెప్పిన ప్రతి మాటా, అతని ఫారం నేను తీసేసిన సంగతీ అందులో రాసి, సంతకం పెట్టి, అతనికి అందించమని ఫోన్‌లో కాకాకు పంపాను. వ్యాసం అచ్చువేసిన పత్రికకు ఇంతవరకు పంపలేదు. కుర్చీలోనే ఉన్నాను.

రెండు రోజులకు కాకా వాయిస్ మెసేజ్ వచ్చింది. తోట చేతులు మారిందట. కాగితాలు లేనివాళ్ళు వద్దన్నాడట కొత్త యజమాని. అతను ఎటు పోయాడో అక్కడ పనిచేసేవాళ్ళకు తెలియదు. ఫోన్ కలవడం లేదు. ఊళ్ళో ఇంటివాళ్ళకూ కబురు లేదు.

చివర్లో అన్నాడు. "కాయితం మంచిగ రాసిండ్రు సార్. ఇది ఇప్పుడు ఎవలికియ్యాలె?"