బావగారి గాలిగొట్టం

కోవిడ్ మాస్కులు ముక్కుల మీంచి గడ్డాల కిందికి జారిన ఏడాది, బొల్లారం దగ్గర ఒక సరుకు రవాణా కంపెనీ యార్డులో నేను ఫ్లీట్ మెయింటెనెన్స్ మేనేజరుగా పనిచేస్తున్నాను. హోదా పేరు రైలుపెట్టెంత పొడుగున్నా చేయాల్సిన పని చిన్నదే. లారీలు ఆగకూడదు, డీజిలు ఎక్కువ తాగకూడదు. నా పైన యజమాని ఒక్కరే. ఆయన్ని యార్డంతా పెద్దసారు అనేది. ఆయన పైన దేవుడున్నాడని అంటారుగాని, మైలేజీ విషయంలో దేవుడు కూడా ఆయనకే రిపోర్టు చేస్తాడని మా అనుమానం.

ఆ రోజుల్లో మా బావగారు, అంటే మా అక్క భర్త ప్రభాకరం గారు, మందుల కంపెనీలో నిక్షేపంలాంటి ఉద్యోగం మానేసి చిలకలగూడలో ఒక రేకుల షెడ్డు తీసుకున్నారు. అందులో లారీలకు గాలి గొట్టాలు తయారు చేయించడం మొదలుపెట్టారు. మేము తెనాలి వైపు నుంచి వచ్చినవాళ్లం. మా ఇంట్లో ఆడపిల్ల మొగుడంటే హోదా ముఖ్యమంత్రికన్నా ఒక మెట్టు పైన. బావగారు గుమ్మంలోకి వస్తే మా నాన్నగారు మోకాళ్ల నొప్పులతో కూడా లేచి నిలబడేవారు. టీవీలో వార్తలు చదివే అమ్మాయి కూడా కాస్త గొంతు తగ్గించినట్టు మాకు అనిపించేది.

"మనుషులకు ఆక్సిజన్ విలువ తెలిసొచ్చిందోయ్. పాపం ఇంజనుకు ఎవరు చెబుతారు? నేను చెబుతాను" అన్నారు బావగారు, ఒకరోజు వాళ్లింట్లో నా పక్కన కూర్చుని రెండోసారి పెరుగన్నం కలుపుకుంటూ.

లారీ ఎలా గాలి పీలుస్తుందో ఇక్కడ కొంచెం చెప్పాలి. కేబిన్ వెనక ఎత్తుగా ఒక గొట్టం ఉంటుంది. దుమ్ము తక్కువగా, గాలి చల్లగా ఉండే చోటు నుంచి పీల్చడానికి దాన్ని అంత ఎత్తున పెడతారు. అక్కడి నుంచి గాలి డబ్బాలాంటి ఫిల్టరులోకి వచ్చి, మడతల కాగితం గుండా వడకట్టుకుని, రబ్బరు పైపులోంచి, గాలిని నొక్కి ఇంజనులోకి పంపే టర్బోకి చేరుతుంది. కాగితం దుమ్ముతో మూసుకుపోతే డబ్బా మీద చిన్న కిటికీలో ఎర్రగీత కనిపిస్తుంది. గీత రాగానే కాగితం మార్చాలి. బావగారి కిట్టు ఈ ఏర్పాటునంతా పక్కకు నెట్టేది. రబ్బరు పైపు తీసేసి టర్బో మూతికి మెరిసే స్టీలు గొట్టం, దాని చివర శంఖం ఆకారంలో నూనె పూసిన జాలీ ఫిల్టరు బిగించాలి. అడ్డు తక్కువ కాబట్టి గాలి ఎక్కువ వస్తుంది, లారీ బాగా లాగుతుంది, డీజిలు మిగులుతుంది అన్నది వారి వాదన.

ఇంజనీరుగా నాకు అప్పుడే సందేహాలున్నాయి. శంఖం కేబిన్ కింద, ఇంజను పక్కనే కూర్చుంటుంది. అది పీల్చేది వేడిగాలి. వేడిగాలి పలచన. పైగా డీజిల్ ఇంజనులో ఎంత ఇంధనం పడాలో నిర్ణయించేది డ్రైవరు కాలూ బండిలోని కంప్యూటరూ. శుభ్రమైన ఫిల్టరున్న ఇంజనుకు ఇంకాస్త గాలి ఇచ్చినంత మాత్రాన అది డీజిలు మానేసి ఉపవాసం ఉండదు. ఇదంతా నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో అక్క నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేసి, "ఆయన ఉద్యోగం కూడా మానేశార్రా. మీ పెద్దసారు ఒక్కరు ఒప్పుకుంటే చాలు, మిగతావాళ్లు వాళ్లే వస్తారు" అంది. పప్పుతోపాటు సందేహాలు కూడా లోపలికి వెళ్లిపోయాయి.

పెద్దసారును అడిగాను. ఆయన సులువుగానే ఒప్పుకున్నారు. "ఒక్క బండికి పెట్టి చూడు. మైలేజ్ వస్తే అన్ని బండ్లకు ఆర్డరిస్త. రాకుంటే చాయ్ తాగి పోదురు. నీ మాట మీదనే ఉంటది, మేనేజర్ సాబ్" అన్నారు.

నాగపూర్ లైనులో తిరిగే యాదగిరి లారీని ఎంచుకున్నాను. యాదగిరిది కాప్రా. మా డ్రైవర్లలో మైలేజీ మరీ ఎక్కువా మరీ తక్కువా తీసేవాడు కాదు. పరీక్షకు అలాంటివాడే సరైనవాడు. అంతవరకు నేను చేసింది పద్ధతిగానే ఉంది. ఆ తరువాత బావగారిని యార్డంతా తిప్పి, టైర్ల షెడ్డులో, వెల్డింగు దగ్గర, డీజిల్ పంపు దగ్గర ఒక్కొక్కరికీ "మా అక్కగారి ఆయన" అని పరిచయం చేశాను. పంపు దగ్గర కుక్కకు కూడా చెప్పినట్టు గుర్తు. యాదగిరి బావగారికి రెండు చేతులతో దండం పెట్టాడు. "సార్ బావ అంటే మాకు సుత బావే" అన్నాడు. నేను పొంగిపోయాను.

కిట్టు బిగించి స్టార్టు చేయగానే బుసకొట్టిన శబ్దానికి అల్వాల్ దాకా కాకులు లేచిపోయాయి. "విన్నావా? అదోయ్ ఊపిరి" అన్నారు బావగారు. మా పరీక్ష పద్ధతిని ఫుల్ టు ఫుల్ అంటారు. ట్యాంకు మూతిదాకా నింపి సీలు వేస్తాం. తిరిగొచ్చాక అదే పంపులో మళ్లీ మూతిదాకా నింపుతాం. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే మైలేజీ వస్తుంది. దారిలో డీజిలు కొట్టించకూడదు, లారీలో దేనిమీదా చెయ్యి వేయకూడదు. యాదగిరి అన్నిటికీ తల ఊపి బయల్దేరాడు.

లారీ తిరిగొచ్చే రోజు బావగారు ఇస్త్రీ చొక్కాతో వచ్చారు. అక్క పూతరేకుల డబ్బా పట్టుకుని వచ్చింది. ఆ యార్డులోకి పట్టుచీర కట్టుకుని వచ్చిన మొదటి మనిషి మా అక్కే అయ్యుంటుంది. గ్రీజు డబ్బాలు కూడా సర్దుకుని కూర్చున్నట్టు కనిపించాయి. గేటులోంచి లారీ చప్పుడు లేకుండా వచ్చింది. బుస లేదు. నేను బావగారి వైపు చూశాను.

"ఇంజను సెట్టయింది. సెట్టయితే శబ్దం తగ్గిపోతుంది" అన్నారాయన, క్షణం కూడా ఆలోచించకుండా.

ట్యాంకు నింపి లెక్క వేశాం. లీటరుకు దాదాపు అర కిలోమీటరు ఎక్కువ వచ్చింది. లారీల లోకంలో అది మామూలు విషయం కాదు. అర కిలోమీటరు కోసం యజమానులు తిరుపతి కొండ మోకాళ్ల మీద ఎక్కుతారు. నేను మళ్లీ వేశాను, అదే వచ్చింది. పెద్దసారు నవ్వు ఆయన చెవులు దాటి వెళ్లింది. అక్క డబ్బా మూత తీసింది. యాదగిరి మాత్రం పూతరేకు తీసుకోకుండా వెనక్కి జరిగి నిలబడ్డాడు. అలసిపోయాడనుకున్నాను.

"కేబిన్ లేపు, జెర చూద్దాం. గంత కమాల్ చేసింది ఎట్లుందో" అన్నారు పెద్దసారు.

ఈ లారీల్లో ఇంజను చూడాలంటే కేబిన్ మొత్తాన్ని ముందుకు వంచాలి. వంచేముందు లోపలున్న సామానంతా కిందికి దించాలని నేనే గోడమీద రాయించిన రూలు. ఆ సంబరంలో దాన్ని నేనే మరిచి, కేబిన్ లేపే చేతిపంపు నేనే కొట్టడం మొదలుపెట్టాను. "సార్, ఒక్క నిమిషం సార్" అని యాదగిరి పరుగెత్తుకొచ్చేసరికి కేబిన్ సగం వంగింది. పడుకునే బల్ల మీద దుప్పటిలో చుట్టిపెట్టిన బరువేదో దొర్లి, గుడిగంట తెగిపడ్డట్టు లోపలి నుంచి అద్దానికి తగిలింది. దుప్పటి విడిపోయింది. అద్దంలోంచి బావగారి స్టీలు గొట్టం, శంఖంతో సహా, మా అందరి వైపు చూస్తూ ఉంది. కేబిన్ కింద ఇంజను మీద పాత రబ్బరు పైపు దాని చోట అది కూర్చుని ఉంది.

పెద్దసారు అద్దం వైపు, ఇంజను వైపు, చివరికి యాదగిరి వైపు చూశారు.

"పోయేటప్పుడే నిర్మల్ ఘాటు మీద గొట్టం బిగించిన క్లాంపు ఊడింది సార్" అన్నాడు యాదగిరి, నేలకేసి చూస్తూ. "ఉన్న దుమ్మంత ఇంజన్ గుంజుతుండె. అట్లనే తోల్తే ఇంజన్ ఖతం. పాత పైపు టూల్ బాక్సుల ఉండె, అదే పెట్టిన."

ఫోను ఎందుకు చేయలేదని అడిగాను.

"చేస్తే అందరికి తెలుస్తది. మీ బావ ఇజ్జత్ పోతది గద సార్. అందుకే మైలేజ్ తగ్గొద్దని పైలంగ తోలిన. ఎక్కడ సుత రేజ్ చెయ్యలే, బ్రేక్ కొట్టలే, ఒక్క బండిని ఓవర్‌టేక్ చెయ్యలే. సైకిలోడు సుత నన్ను దాటి పోయిండు. గమ్మునున్న."

బావగారి ముఖం ముందు ఎర్రబడి, తరువాత తెల్లబడింది. "ఇది కుట్ర. వీణ్ణి ముందు ఉద్యోగంలోంచి తీసెయ్యండి" అన్నారు.

"కుట్ర చేసెటోడు మైలేజ్ పెంచుతడా, ప్రభాకరం గారూ?" అన్నారు పెద్దసారు. తరువాత నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పు. ఆర్డరియ్యాల్నా, వద్దా?"

"చెప్పవోయ్. నిర్మల్ దాకా నా కిట్టుతోనే కదా వెళ్లింది" అన్నారు బావగారు. ఆ గొంతులో అధికారం లేదు. బతిమాలినట్టుంది. అది నేను భరించలేకపోయాను. అక్క మూత తీసిన డబ్బా అలాగే పట్టుకుని ఉంది. వచ్చిన లాభం యాదగిరి కాలిదనీ, కిట్టుదని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదనీ, ఆర్డరు వద్దనీ చెప్పాను. ఎవరి ముఖమూ చూడలేక ముందు టైరుకు చెప్పాను. ఆ టైరు కూడా ముఖం తిప్పుకుంటే బాగుండుననిపించింది.

అందరూ విడిపోయాక అక్క నన్ను పక్కకు పిలిచింది. "అబద్ధం చెప్పమనడం లేదురా. మా ఇంట్లో కూర్చున్న రోజు చెప్పకుండా, ఇంతమందిలో చెప్పాలా?" అంది. ఆవిడ డబ్బాకు మూత పెట్టేసింది.

న్యాయంగా ఉండాలని, బావగారి అనుమతితోనే తరువాత కిట్టును మళ్లీ పరీక్షించాం. ఈసారి క్లాంపు గట్టిది వేశాం. పోలికకు కొత్త కాగితం ఫిల్టరున్న లారీని పక్కన పెట్టాం. బావగారిని ఎప్పుడూ చూడని డ్రైవర్లను మార్చి మార్చి పంపాం. అది ఎవరి కిట్టో వాళ్లకు చెప్పలేదు. మైలేజీ పెరగలేదు. ఎండవేళ ఎత్తు ఎక్కేటప్పుడు కిట్టున్న లారీయే కాస్త వెనకబడింది. తెల్లగుడ్డతో గొట్టం లోపల తుడిస్తే సన్నని దుమ్ము అంటుకుంది. వడపోత దాటి ఇంజనులోకి వెళుతున్న దుమ్ము అది. ఎర్రగీత వచ్చినా మార్చని పాత ఫిల్టరు ఉన్న లారీకైతే ఏ కొత్త ఫిల్టరు పెట్టినా లాగుడు కాస్త పెరుగుతుంది. దాన్ని చూసే చాలామంది గొట్టానికి దండ వేస్తారు. యాదగిరిని ఎవరూ ఏమీ అనలేదు. కొత్తగా చేరిన డ్రైవర్లకు బండి తోలడం నేర్పే పని అతనికి ఇచ్చాం.

బావగారు షెడ్డు ఖాళీ చేసి మళ్లీ మందుల కంపెనీలో, మునుపటికన్నా చిన్న హోదాలో చేరారు. మా మధ్య మాటలేమీ ఆగిపోలేదు. అంతకుముందు నన్ను "ఏమోయ్" అని పిలిచేవారు. ఇప్పుడు "ఇంజనీరు గారూ, కూర్చోండి" అంటారు. ఆ గారు వినబడ్డ ప్రతిసారీ నాకు ఎక్కడ కూర్చోవాలో తెలియదు.

ఉద్యోగంలో ఉన్నంతకాలం ఆ తరువాత రెండు నియమాలు పాటించాను. పరీక్షకు పంపే లారీలో బిగించినది ఎవరు తెచ్చారో డ్రైవరుకు తెలియనివ్వలేదు. నా చుట్టాలు తెచ్చిన ఏ వస్తువునూ నేను పరీక్షించలేదు. సందేహం ఉంటే వాళ్లింట్లోనే, కంచం ముందే చెప్పేశాను.